58వ రోజు విరేచనాలు: నెల్లూరులో చూసిన ఒక జీవీహెచ్‌డీ కేసు, లేటుగా వచ్చిన రెండు మార్కర్లు

నేను నెల్లూరులో హెమటాలజీ, అంటే రక్తం జబ్బులు చూస్తా, మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్లు చేయను. మన జిల్లా పేషెంట్లు చెన్నైకో వేలూరుకో హైదరాబాదుకో పోయి చేయించుకుని వస్తారు, వచ్చాక వాళ్ల బ్లడ్ టెస్టులు, మందులు, మధ్యలో వచ్చే జ్వరాలు చూసుకోవడం నా వంతు. ఈ కేసు అట్లా నా దగ్గరికి వచ్చిందే. జీవీహెచ్‌డీ అంటే ఎక్కించిన డోనర్ ఇమ్యూన్ కణాలు పేషెంట్ ఒంటినే పరాయిదనుకుని దాడి చేయడం; రోజుల లెక్కంతా మూలకణాలు ఎక్కించిన రోజు నుంచి. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది, అది దాచి రాస్తే కేసు అర్థం కాదు.

పేషెంట్‌కి 31 ఏళ్లు, పొదలకూరు నిమ్మకాయల యార్డులో కాయలు గ్రేడింగ్ చేసే పని. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. కీమోకి రెమిషన్ వచ్చింది, అంటే లుకేమియా కనపడకుండా పోయింది, కానీ సైటోజెనెటిక్స్ (లుకేమియా కణాల్లో క్రోమోజోమ్ మార్పులు) బాగాలేవు, కీమోతోనే ఆపితే తిరగబెట్టే ఛాన్స్ ఎక్కువ అని చెన్నైలో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. డోనర్ సొంత అక్క, హెచ్‌ఎల్‌ఏ (కణాల మీది గుర్తింపు ప్రోటీన్లు) 10కి 10 కలిసింది, ఇద్దరు పిల్లల తల్లి. ఈ చివరి ముక్క ఊరికే రాయలేదు. ఆడ డోనర్ నుంచి మగ పేషెంట్‌కి ఇస్తే, అందులోనూ కాన్పులైన డోనర్ అయితే, జీవీహెచ్‌డీ రిస్క్ కొంచెం ఎక్కువ, కడుపుతో ఉన్నప్పుడే ఆమె ఇమ్యూన్ కణాలు బిడ్డలోని పరాయి ప్రోటీన్లని చూసి గుర్తుపెట్టుకుని ఉంటాయి కాబట్టి. ఫ్లూడారబిన్, బుసల్ఫాన్ ఇచ్చి మూలకణాలు ఎక్కించారు, జీవీహెచ్‌డీ రాకుండా సైక్లోస్పోరిన్, దాంతో పాటు 1, 3, 6 రోజుల్లో మెథోట్రెక్సేట్. 11వ రోజుది నోరంతా పుండ్లు పడ్డాయని వదిలేశారు. 15వ రోజుకి న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) లేచాయి, 30వ రోజుకి రక్తమంతా అక్కదే అయింది. ఇంతవరకు పుస్తకంలో రాసినట్టే నడిచింది.

మామూలుగా 100 రోజుల దాకా సెంటర్ దగ్గర్లోనే ఉండమంటారు. రూమ్ అద్దె, ఇద్దరికి తిండి, ఆటో ఖర్చులు, ఇంకా ఎన్నాళ్లని. 45వ రోజుకి వాళ్లు ఊరికి వచ్చేశారు, వారానికోసారి నా దగ్గర చూపించుకునేట్టు, రిపోర్టులన్నీ ఫోన్‌లో చెన్నై టీమ్‌కి పంపేట్టు మాట్లాడుకుని. నేను కాదనలేదు. కాదని ఏం చేస్తా, అద్దె నేను కట్టను కదా.

ఇక్కడ నుంచి జాగ్రత్తగా చదవండి. అతనికి ఫంగస్ రాకుండా వోరికొనజోల్ అనే అజోల్ మందు నడుస్తోంది. అజోల్ మందులు లివర్‌లో సైక్లోస్పోరిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, అందుకే అజోల్ వాడుతున్నంతకాలం సైక్లోస్పోరిన్ తక్కువ డోసుకే సరిపడా లెవెల్ నిలబడుతుంది. చెన్నైలో కొన్న స్ట్రిప్పులు 48వ రోజుకి అయిపోయాయి. పొదలకూరు మందుల షాపులో దొరకలేదు, నెల్లూరులో రేటు విని వెనక్కి తగ్గారు, "ఫంగస్సు లేదు గదా సార్, ఎందుకులే అనుకున్యాం" అని తర్వాత అతని భార్య చెప్పింది. అజోల్ ఆగితే కొద్దిరోజుల్లో సైక్లోస్పోరిన్ లెవెల్ పడిపోతుంది. అట్లా పడిపోవడం ఎవరికీ కనపడలేదు, ఎందుకు కనపడలేదో అదే అసలు కథ.

55వ రోజు లెవెల్ కోసం రక్తం ఇచ్చారు. సైక్లోస్పోరిన్ లెవెల్ అంటే పొద్దున టాబ్లెట్ వేసుకోకముందు తీయాలి, ట్రఫ్ అంటాం, 12 గంటల కింద వేసుకున్న డోసులో ఇంకా ఎంత మిగిలిందో చూడటానికి. శాంపిల్ తీసే కుర్రాడు ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, మనోడు ఎనిమిదింటికే టాబ్లెట్ మింగేసి ఇడ్లీ కూడా తినేశాడు. రిపోర్ట్ 412. ట్రఫ్ అనుకుంటే అది చాలా ఎక్కువ, కిడ్నీ పాడవుతుందని చెన్నై నుంచి డోస్ తగ్గించమన్నారు, 125 నుంచి 100కి, రెండు పూటలా. ఆ 412 నాకూ వాట్సాప్‌లో వచ్చింది. క్రియాటినిన్ 0.9, బీపీ నార్మల్, చేతులు వణకడం లేదు, లెవెల్ నిజంగా అంత ఉంటే ఏదో ఒకటి కనిపించాలి కదా. "ఎన్నింటికి తీశారమ్మా" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఓపీలో కూర్చుని బొటనవేలు గుర్తు పెట్టి పంపేశా.

అంటే అజోల్ ఆగి లెవెల్ దానంతట అదే కిందికి పోతుంటే, పైనుంచి మేము డోస్ కూడా తగ్గించాం.

58వ రోజు అరచేతులు, చెవుల వెనక ఎర్రగా మండటం మొదలు. ఎండకి అనుకున్నారు. ఆ సాయంత్రం నుంచి విరేచనాలు. ముందు రోజు ఆదివారం చేపల పులుసు తిన్నాడు కాబట్టి నేరం దాని మీదకి పోయింది, ఊళ్లో చూపిస్తే ఓఆర్‌ఎస్, యాంటీబయాటిక్ కాంబినేషన్ టాబ్లెట్లు, విరేచనాలు కట్టే మాత్ర ఇచ్చారు. ఆ డాక్టర్‌ని తప్పుపట్టను, మామూలు మనిషి అయితే నేనూ అవే రాసేవాణ్ణి. 61వ రోజు నా దగ్గరికి వచ్చేసరికి 58 కేజీల మనిషి 54 ఉన్నాడు. ఆకుపచ్చగా నీళ్లలా పోతోంది, వాసన లేదు, రక్తం లేదు.

ఇట్లాంటప్పుడు మనసులో మూడు నాలుగు తలుపులు ఒకేసారి తెరిచి ఉంచాలి: జీవీహెచ్‌డీ, సీఎంవీ అనే వైరస్, సి డిఫిసిల్ బ్యాక్టీరియా లాంటి ఇన్ఫెక్షన్, ఇంకా టీఎంఏ. స్టూల్ టాక్సిన్ నెగటివ్. సీఎంవీ పీసీఆర్‌లో వైరస్ లేదు. టీఎంఏ అంటే సన్న రక్తనాళాల గోడలు దెబ్బతిని ఎర్రకణాలు చిట్లడం, ట్రాన్స్‌ప్లాంట్ వల్లా వస్తుంది, సైక్లోస్పోరిన్ వల్లా వస్తుంది. స్మియర్ నేనే చూశా, విరిగిన కణాలు స్లైడంతా వెతికితే రెండో మూడో, ఎల్‌డీహెచ్ కొంచెమే ఎక్కువ, హాప్టోగ్లోబిన్ నార్మల్, యూరిన్‌లో ప్రోటీన్ లేదు. అది కాదు. ఇన్ఫెక్షన్ చూపించే సీఆర్పీ 14, ప్రోకాల్సిటోనిన్ 0.2, పెద్దగా లేవు. పేగు దెబ్బతింటే కారిపోయే రక్తం ప్రోటీన్ అల్బుమిన్ 2.7, తక్కువ. బిలిరుబిన్ 1.6. ఫెర్రిటిన్ 2400 వచ్చింది కానీ అంతంత రక్తం ఎక్కించుకున్న మనిషిలో ఫెర్రిటిన్ చూసి ఏమీ చెప్పలేం, ఎందుకు రాశానా అని నాకే అనిపించింది.

సైక్లోస్పోరిన్ ఈసారి నేనే ఎదురుగా ఉండి టాబ్లెట్‌కి ముందు తీయించా. 64. వాళ్లకి కావలసింది 200 పైన.

గ్రేడింగ్ గురించి. జీవీహెచ్‌డీలో పేగు ఎంత దెబ్బతిందో విరేచనం ఎంత పోతోందో దాన్నిబట్టే లెక్క: రోజుకి 500 నుంచి 999 ఎంఎల్ అయితే స్టేజ్ 1, 1000 నుంచి 1500 స్టేజ్ 2, ఆపైన 3. "చాలా పోతుండాది సార్" అంటే లెక్క కుదరదు. వార్డులో గీతలున్న బెడ్‌పాన్ లేదు, అందుకే మా సిస్టర్ ఒక ప్లాస్టిక్ మగ్గు తెచ్చి సెలైన్ బాటిల్‌తో 100 చొప్పున నీళ్లు పోస్తూ బయట మార్కర్ పెన్నుతో గీతలు గీసింది, పది గీతలు. భార్య ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి టైము, గీత రాసుకుంటూ పోయింది. రాత్రి 2.10, మూడు గీతలు. తెల్లారి 4.40, రెండున్నర. మొదటి 24 గంటలకి 850. చర్మం 20 శాతం లోపు, స్టేజ్ 1. లివర్ జీరో. మొత్తం మీద గ్రేడ్ 2, క్లినికల్ లెక్కలో స్టాండర్డ్ రిస్క్. కాగితం మీద చూస్తే అంత భయపడాల్సిన కేసు కాదు.

నాకెందుకో అట్లా అనిపించలేదు. అనిపించడానికి ఆధారం ఏంటంటే చెప్పలేను, అల్బుమిన్ అంత త్వరగా పడిపోవడం ఒకటి.

మార్కర్ల సంగతి, అంటే రక్తంలో కొలిస్తే జబ్బు తీవ్రత చెప్పే ప్రోటీన్ల సంగతి, ఇక్కడ వచ్చింది. జీవీహెచ్‌డీలో ఇప్పుడు ఎక్కువగా నమ్మేవి రెండు ప్రోటీన్లు, ఎస్‌టీ2, రెగ్3 ఆల్ఫా. రెగ్3 ఆల్ఫా చిన్నపేగు గుంతల అడుగున ఉండే పానెత్ కణాలు తయారుచేసే యాంటీబయాటిక్ లాంటి ప్రోటీన్, మామూలుగా పేగు లోపలే ఉండి బ్యాక్టీరియాని గోడకి దూరంగా ఉంచుతుంది, రక్తంలో పెద్దగా కనపడదు. గోడ పగిలితే రక్తంలోకి వస్తుంది. చెరువు నీళ్లు పొలంలో కనపడితే కట్టకి యాడో గండి పడిందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు, అట్లా. ఎస్‌టీ2 కథ వేరే. దెబ్బతిన్న కణాలు ఐఎల్-33 అనే అలారం ప్రోటీన్‌ని వదుల్తాయి, గొడవని సర్దుబాటు చేసే రెగ్యులేటరీ టీ కణాల మీద ఉండే ఎస్‌టీ2 దాన్ని పట్టుకుంటే అవి బలపడతాయి. కానీ దాడి చేస్తున్న కణాలు ఎస్‌టీ2ని విడిగా రక్తంలోకి వదిలేస్తే ఆ ఐఎల్-33 అంతా దానికే అతుక్కుని మంచి కణాల దాకా చేరదు. 2013లో ఎస్‌టీ2 ఎక్కువ ఉన్నవాళ్లు స్టెరాయిడ్‌కి లొంగరని, చనిపోయే అవకాశం ఎక్కువని చూపించారు. 2015లో ఎస్‌టీ2, రెగ్3 ఆల్ఫా, టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ 1, మూడూ కలిపి ఆన్ ఆర్బర్ స్కోర్ అని పెట్టారు, స్కోర్ 1లో ఆరు నెలల్లో లుకేమియా తిరగబెట్టకుండానే చనిపోయినవాళ్లు 8 శాతం, 2లో 27, 3లో 46. తర్వాత మ్యాజిక్ గ్రూప్ (జీవీహెచ్‌డీ మీద కలిసి పనిచేసే అంతర్జాతీయ సెంటర్ల బృందం) వాళ్లు దాన్ని రెండు ప్రోటీన్లకి కుదించి, మ్యాప్ అని సున్నా నుంచి ఒకటి మధ్య ఒక నంబరుగా ఇస్తున్నారు. ఇందులో నాకు బాగా నచ్చే విషయం, క్లినికల్ గ్రేడ్ ఒకటే ఉన్న పేషెంట్లని కూడా ఇది విడగొట్టగలదు.

ఈ టెస్టు నెల్లూరులో లేదు. ఇక్కడొక సరదా, సరదా కాదు డబ్బు పోయిన సంగతి. నేను ఎస్‌టీ2 అని కాగితం మీద రాసి వాళ్ల బావకి ఇచ్చి చెన్నై సెంటర్‌తో మాట్లాడమన్నా. అతను నెట్‌లో చూసి ఒక ప్రైవేట్ ల్యాబ్ లిస్టులో ఎస్‌టీ2 ఉందని ఇక్కడే శాంపిల్ ఇప్పించి నాలుగు వేలు కట్టేశాడు. 48 అని రిపోర్ట్, పక్కన నార్మల్ 35 లోపు అని. అది గుండె ఫెయిల్యూర్ పేషెంట్లకి చేసే ఎస్‌టీ2. ప్రోటీన్ అదే, కానీ 35 అనే గీత గుండె జబ్బులో ముందు ముందు ఎట్లా ఉంటుందో చూసి గీసింది, కిట్ వేరే, దాన్ని తీసుకొచ్చి మ్యాప్ ఫార్ములాలో వేయడానికి లేదు. పైగా ఎస్‌టీ2 గుండె నీరసంలోనూ పెరుగుతుంది, సెప్సిస్‌లోనూ పెరుగుతుంది, ఒక్కటే చూసి జీవీహెచ్‌డీ అనడానికి ఎప్పటికీ లేదు. వాళ్ల బావ "అయితే ఎక్కువే గదా సార్, పనికొస్తది గదా" అని రెండుసార్లు అడిగాడు, రాదయ్యా అని రెండుసార్లు చెప్పా.

చెన్నై టీమ్ రీసెర్చ్ ల్యాబ్‌లో ఈ ప్రోటీన్లని కొలిచే ఎలీసా టెస్టు చేస్తారు. 96 గుంతల ప్లేటు అది, ఒక్క శాంపిల్ కోసం ప్లేటు తెరవరు, నిండాలి. అదృష్టం కొద్దీ ఆ వారమే ఒక ప్లేటు పెడుతున్నారు. స్టెరాయిడ్ పడకముందు తీసిన రక్తాన్ని ఇక్కడే సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మా రెండు చిన్న ట్యూబుల్లో ఫ్రీజ్ చేశాం, మర్నాడు రొయ్యలు ప్యాక్ చేసే తెర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టి బావ చేతికిచ్చి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కించాం. డబ్బా తెచ్చింది ఆయనే, రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. ఐస్ విషయంలో నాకంటే అతనికే ఎక్కువ తెలుసు.

రిజల్ట్ కోసం ఆగలేదు. 61వ రోజు రాత్రే మిథైల్ ప్రెడ్నిసలోన్ కేజీకి 2 ఎంజీ మొదలు, సైక్లోస్పోరిన్ సెలైన్‌లో, వోరికొనజోల్ మళ్లీ. మర్నాడు సిగ్మాయిడోస్కోపీ, బయాప్సీ రిపోర్ట్ నాలుగు రోజులకి వచ్చింది, గుంతల అడుగున కణాలు ఒక్కొక్కటే చచ్చి పొడిపొడిగా ఉన్నాయి, సీఎంవీ స్టెయిన్ నెగటివ్. జీవీహెచ్‌డీయే.

చర్మం మూడు రోజుల్లో చల్లబడింది. నోట్‌బుక్ మాత్రం వేరే చెప్తోంది: 850, 900, 780, 950, 1100. మూడోరోజు 780 చూసి అందరం సంతోషపడ్డాం, భార్య అయితే మాకందరికీ టీ తెప్పించింది. స్టెరాయిడ్‌కి లొంగలేదు అనాలంటే మామూలుగా మూడు రోజుల్లో ముదరాలి, లేదా అయిదు నుంచి ఏడు రోజుల్లో తగ్గకపోవాలి. మనం మధ్యలో ఉన్నాం. ఇంకో రెండు రోజులు చూద్దామనే వాదన కూడా తప్పు కాదు, ఎందుకంటే తర్వాతి మందు రుక్సోలిటినిబ్ ప్లేట్‌లెట్లని దించుతుంది, అతనికి ఉన్నవే 46 వేలు, స్టెరాయిడ్ మీద రుక్సోలిటినిబ్ అంటే ఇన్ఫెక్షన్లకి గేటు తీసినట్టే.

66వ రోజు మధ్యాహ్నం చెన్నై నుంచి ఫోన్. మ్యాప్ 0.38. 0.291 దాటితే ఆన్ ఆర్బర్ 3. క్లినికల్‌గా స్టాండర్డ్ రిస్క్ అన్న మనిషి, రక్తం లెక్కలో హై రిస్క్. ఆ సాయంత్రమే రుక్సోలిటినిబ్ మొదలుపెట్టాం. ట్రయల్‌లో ఇచ్చిన డోస్ 10 ఎంజీ రెండు పూటలా, కానీ వోరికొనజోల్ ఈ మందుని కూడా పెంచుతుంది, కాబట్టి 5 చొప్పున. అజోల్ లెక్క తప్పి ఇక్కడిదాకా వచ్చాం, ఇంకోసారి తప్పదల్చుకోలేదు. 2020లో వచ్చిన రీచ్2 ట్రయల్‌లో స్టెరాయిడ్‌కి లొంగనివాళ్లలో 28వ రోజుకి రుక్సోలిటినిబ్‌తో 62 శాతానికి గుణం కనిపించింది, వేరే మందులతో 39.

ఇప్పుడు నిజాయితీగా చెప్పాలంటే ఆ నంబరు మాకు ఏం ఇచ్చింది? మహా అయితే రెండు రోజులు. అది రాకపోయినా 68వ రోజు అదే మందు మొదలుపెట్టేవాళ్లం, మగ్గు మీద గీతలు అటే తీసుకుపోతున్నాయి. పేగు విషయంలో రెండు రోజులు చిన్నవి కావు, అది ఒప్పుకుంటా. కానీ కొంతమంది జూనియర్లు మార్కర్ వస్తే చాలు ముందే మందులు పెంచేస్తే బతికించేయొచ్చు అన్నట్టు మాట్లాడుతుంటారు, అక్కడ నాకు అభ్యంతరం. మార్కర్ ఎక్కువ ఉన్నవాళ్లకి జీవీహెచ్‌డీ రాకముందే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ ఇచ్చి చూశారు, స్టెరాయిడ్‌కి లొంగని జీవీహెచ్‌డీ వచ్చేవాళ్లు తగ్గలేదు. హై రిస్క్ వాళ్లకి మొదట్నుంచే స్టెరాయిడ్‌తో నటలిజుమాబ్ కలిపి చూశారు, లాభం లేదు. ఎవరు మునుగుతారో ముందే తెలియడం ఒకటి, తాడు వేయడం ఇంకొకటి. నన్నడిగితే ఈ మార్కర్ల అసలు ఉపయోగం కింది వైపు ఉంది: స్కోర్ తక్కువ ఉన్నవాళ్లకి అంతంత స్టెరాయిడ్ పోయకుండా ఉండొచ్చేమో. క్లినికల్‌గానూ మార్కర్లలోనూ రిస్క్ తక్కువున్నవాళ్లకి స్టెరాయిడ్ బదులు సిరోలిమస్ ఇస్తే గుణం దాదాపు సమానంగానే వచ్చింది, ఆ ట్రయల్ 2020లో వచ్చింది. షుగర్ పెరిగి, తొడలు సన్నబడి, ఫంగస్ పట్టి వచ్చే పేషెంట్లని చూసేవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

భార్య అడిగింది, ఏడో రోజే ఆ టెస్టు చేసుంటే తెలిసేదా అని. ఏడో రోజు రక్తంతో కూడా లెక్కగట్టారు, 2017లో, హై రిస్క్ అన్నవాళ్లలో ఆరు నెలల్లో లుకేమియా తిరగబెట్టకుండానే చనిపోయింది 28 శాతం, లో రిస్క్‌లో 7. "అంటే ఎక్కువన్నోళ్లలో కూడా వందకి డెబ్బై మంది అట్లా పోలేదనే గదా సార్" అంది. నేను ఇంతమందికి ఈ పేపర్ చెప్పా, ఎవరూ అటునుంచి చదవలేదు. దానికి తోడు, ఏడో రోజు ప్లాస్మాలో అజోల్ స్ట్రిప్పు 48వ రోజు అయిపోతుందని రాసి ఉండదు.

మిగతాది త్వరగా చెప్పేస్తా. 70వ రోజుకి 600, 73వ రోజుకి 300, 81కి గట్టిపడింది. అదే రోజు సీఎంవీ పీసీఆర్ పాజిటివ్, వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తే న్యూట్రోఫిల్స్ 900కి పడ్డాయి, తెల్లకణాలు పెంచే జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు, రెండు యూనిట్ల ప్లేట్‌లెట్లు, ఒక వారం అందరికీ నిద్ర లేదు. ట్రీట్‌మెంట్ నాలుగో వారం మ్యాప్ మళ్లీ పంపాం, అదే తెర్మాకోల్ డబ్బా, 0.19. నాలుగో వారంలో ఇంకా 0.29 పైన ఉంటే విరేచనాలు తగ్గినట్టు కనిపించినా నమ్మకూడదని అంటారు, కాబట్టి ఈ రెండో నంబరు చూశాకే స్టెరాయిడ్ తగ్గించడానికి నాకు ధైర్యం వచ్చింది. మొదటిదానికంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

ఆ తర్వాత మా ఓపీలో రెండు మారాయి. లెవెల్ శాంపిల్ ట్యూబు మీద రక్తం తీసిన టైమే కాదు, చివరి టాబ్లెట్ వేసుకున్న టైము కూడా రాయాలి, రాయకపోతే రిపోర్ట్ చూడను. అజోల్ స్ట్రిప్పులో నాలుగు మాత్రలు మిగిలినప్పుడు ఫోన్ చేయాలి, డబ్బుల్లేకపోయినా సరే చేయాలి, మందు కొనకపోతే సైక్లోస్పోరిన్ డోసన్నా మార్చుకుంటాం.

ఇప్పటికి 13 నెలలు. లుకేమియా లేదు. ఎనిమిదో నెలలో నోట్లో తెల్లటి అల్లికలు, కళ్లు పొడిబారడం, అంటే క్రానిక్ జీవీహెచ్‌డీ, తేలికపాటిది. గోంగూర నోట్లో పెట్టుకోలేకపోతున్నాడు, డెక్సామెథాసోన్ పుక్కిలించమన్నా. యార్డుకి పోవడం లేదు, ఇంటి దగ్గర సాయంత్రంపూట లెక్కలు రాస్తున్నాడు.

పోయినేడు వాళ్లు ఊరికి వచ్చిన వారంలోనే రొట్టెల పండగ పడింది, భార్య ఒక్కతే స్వర్ణాల చెరువుకి పోయి ఆరోగ్య రొట్టె పట్టుకుందంట. కోరిక తీరితే మర్నేడు రొట్టె వదలాలి. మొన్న వచ్చినప్పుడు మందుల చీటీ చేతికిచ్చాక కూడా లేవలేదు.

"నయమైనట్టేనా సార్? ఈ ఏడు రొట్టె వదలొచ్చా?"

కంటి చుక్కలు ఇంకా ఆరు నెలలైనా వేయాలి, రుక్సోలిటినిబ్ ఇంకా పూర్తిగా ఆపలేదు. "నువ్వు పోయి వదులు తల్లీ, ఆయన్ని మాత్రం ఆ గుంపులోకి తీసుకుపోవద్దు" అన్నా. సరేనని లేచి, నోట్‌బుక్ తీసి పండగ తేదీ కింద సైక్లోస్పోరిన్ టెస్టు తేదీ రాసుకుంది, పక్కన బ్రాకెట్లో టాబ్లెట్ వేయకముందు అని.